చదువు గడువు, వీసా గడువు: పొడిగింపుకు సిద్ధపడే పద్ధతి

విదేశంలో చదువుకుంటున్న విద్యార్థికి గడువు పొడిగింపు దొరకడం, దొరకకపోవడం చాలావరకు దరఖాస్తు పెట్టిన నెలలో తేలే విషయంగా కనిపించినా, నిజానికి అంతకుముందు ఏడాది, రెండేళ్లలో పాటించిన నియమాల మీద, భద్రపరచిన పత్రాల మీద, సకాలంలో చెప్పిన నిజాల మీద ఆధారపడి ఉంటుంది. సత్తెనపల్లి, ముప్పాళ్ల, రాజుపాలెం, నకరికల్లు మండలాల్లో పత్తి, మిర్చి పండించే కుటుంబాల నుంచి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ వెళ్లిన పిల్లల విషయంలో దీనికి మరొక అంశం తోడవుతుంది. అక్కడి విశ్వవిద్యాలయపు క్యాలెండరుకూ, ఇక్కడి పంట డబ్బు చేతికొచ్చే కాలానికీ మధ్య ఉన్న తేడాను ముందుగా గుర్తించిన కుటుంబం నిబ్బరంగా ఉంటుంది, గుర్తించని కుటుంబం ఆఖరి వారంలో అప్పు కోసం తిరుగుతుంది. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నట్టు అక్కడి ‘ఓపెన్ డోర్స్’ నివేదిక లెక్కగట్టింది. వారిలో తెలుగువారి వాటా పెద్దది కనుక ఈ అధ్యాయం మొదట అమెరికా పద్ధతిని వివరంగా పరిశీలించి, తరువాత ఇతర దేశాల తేడాలను క్లుప్తంగా చెబుతుంది.

వీసా వేరు, స్టేటస్ వేరు

పాస్‌పోర్టులో అతికించే వీసా స్టాంపు అమెరికా సరిహద్దు వద్దకు వచ్చి ప్రవేశం కోరడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. దేశంలోకి అడుగుపెట్టాక అక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కును ‘స్టేటస్’ అంటారు. భారతీయ విద్యార్థులకు ఎఫ్-1 వీసా సాధారణంగా ఐదేళ్లకు ఇస్తారు. అది అమెరికాలో ఉండగా ముగిసినా, స్టేటస్ సక్రమంగా ఉన్నంతకాలం చదువుకు ఆటంకం ఉండదు. దీనికి విరుద్ధంగా, స్టాంపు మీద మూడేళ్ల గడువు మిగిలి ఉన్నా తరగతులు మానేసిన విద్యార్థి స్టేటస్ కోల్పోతారు. ఇంటి దగ్గర తల్లిదండ్రులు పాస్‌పోర్టులోని తేదీని చూసి ధైర్యంగా ఉండటం, అసలు చూడవలసిన తేదీ మరోచోట ఉండటం వల్లనే ఎక్కువ ఇబ్బందులు మొదలవుతున్నాయి.

ప్రవేశించినప్పుడు నమోదయ్యే రికార్డును ఐ-94 అంటారు. దానిలో ఎఫ్-1 విద్యార్థులకు ఇంతకాలంగా ఒక నిర్దిష్టమైన తేదీకి బదులు ‘డీ/ఎస్’ అనే సంకేతం ఉంటోంది. చదువు నియమానుసారం సాగినంతకాలం ఉండవచ్చన్నది దాని భావం. ఈ పద్ధతిని తొలగించి గరిష్ఠంగా నాలుగేళ్ల నిర్దిష్ట గడువు పెట్టాలని, ఆపైన ఉండాలంటే పౌరసత్వ, వలస సేవల సంస్థ అయిన యూఎస్‌సీఐఎస్‌కు నేరుగా దరఖాస్తు చేసుకోవాలని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2025 ఆగస్టులో ప్రతిపాదించింది. అందువల్ల పొడిగింపు ఆలోచన వచ్చిన రోజున ఏ నియమం అమలులో ఉందో విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మొదటి పని కావాలి. సీనియర్లు చెప్పిన పాత అనుభవం ఎంత నిజమైనదైనా అది వారి సంవత్సరానికి చెందిన నియమమేనని గుర్తుంచుకోవాలి.

స్టాంపు ముగిసినవారు స్వదేశానికి వచ్చి తిరిగి వెళ్లాలంటే కొత్త వీసా తీసుకోవాలి. 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు చాలా వర్గాలకు రద్దయ్యాయి, దరఖాస్తుదారులు తమ పౌరసత్వ దేశంలో గానీ, నివాస దేశంలో గానీ ఇంటర్వ్యూకు హాజరు కావాలన్న నియమం కూడా వచ్చింది. కాబట్టి అక్క పెళ్లికో, సంక్రాంతికో వచ్చి రెండు వారాల్లో వెళ్లిపోదామనుకునే విద్యార్థి స్టాంపు తేదీ చూసుకున్న తరువాతే టికెట్టు కొనాలి.

ఐ-20 మొదటి పేజీని చదవడం

ఎఫ్-1 విద్యార్థికి అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఐ-20. దాని మొదటి పేజీలో పైన ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబరు ఉంటుంది. సెవిస్ అంటే విదేశీ విద్యార్థుల వివరాలను అమెరికా ప్రభుత్వం నమోదు చేసుకునే కంప్యూటరు వ్యవస్థ. దాని కింద విద్యార్థి పేరు, పుట్టిన తేదీ, విశ్వవిద్యాలయం వివరాలు, ఆ తరువాత చదువుకు సంబంధించిన గడిలో కోర్సు స్థాయి, ప్రధాన విషయం, ప్రారంభ తేదీ, ముగింపు తేదీ వరుసగా కనిపిస్తాయి. ఆ ముగింపు తేదీయే విద్యార్థి జీవితంలో ప్రస్తుతం అతి ముఖ్యమైన తేదీ. దాని దిగువన ఒకవైపు నిర్ణీత నెలలకు అయ్యే ట్యూషన్ ఫీజు, జీవన వ్యయం, మరొకవైపు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూపే లెక్క ఉంటాయి. పొడిగింపు కోరినప్పుడు ఈ రెండు గడులూ మారతాయి: తేదీ ముందుకు జరుగుతుంది, దానికి తగిన డబ్బు మళ్లీ చూపించాల్సి వస్తుంది.

ఐ-20 జారీ చేసే అధికారం ఉన్న విశ్వవిద్యాలయ ఉద్యోగిని డీఎస్‌ఓ అంటారు. ముగింపు తేదీలోగా చదువు పూర్తికాదని తెలిసినప్పుడు, ఆ తేదీ రాకముందే డీఎస్‌ఓ సెవిస్‌లో పొడిగింపు నమోదు చేసి కొత్త ఐ-20 ఇవ్వాలి. చదువు పూర్తయిన తరువాత దేశం విడిచి వెళ్లడానికి, వేరే విద్యాసంస్థకు మారడానికి ప్రస్తుతం ఇస్తున్న 60 రోజుల వెసులుబాటు ఈ పొడిగింపుకు వర్తించదు. ఉదాహరణకు ముగింపు తేదీ మే 15 అయితే మే 16న కార్యాలయానికి వెళ్లడం వ్యర్థం. డీఎస్‌ఓకు ప్రొఫెసరు ఉత్తరం కావాలి, ఆర్థిక పత్రాలు కావాలి, వాటిని పరిశీలించడానికి కొన్ని పనిదినాలు కావాలి. కనుక మార్చి నెల మధ్యనాటికైనా అభ్యర్థన వారి ముందుండటం క్షేమం. కల్లంలో మిర్చి ఆరబోసి, మబ్బు పట్టిన తరువాత పట్టాల కోసం ఊరంతా తిరిగే రైతు ఎవరూ ఉండరు. ఆ ముందుచూపే ఇక్కడ కూడా అక్కరకొస్తుంది.

ఏ కారణాలు చెల్లుతాయి

చదువు ఆలస్యమైందన్న ఒక్క మాటతో పొడిగింపు రాదు. అమెరికా నియమాలు రెండు రకాల కారణాలను గుర్తిస్తాయి. మొదటిది బలమైన విద్యా కారణం: పరిశోధనాంశం మారడం, ప్రధాన విషయం మార్చుకోవడం, ప్రయోగాల్లో ఊహించని చిక్కులు రావడం వంటివి. రెండవది వైద్యుని ధ్రువపత్రంతో నిరూపించగల అనారోగ్యం. మార్కులు తగ్గి ‘అకడమిక్ ప్రొబేషన్’లో, అంటే విద్యా ప్రగతిపై హెచ్చరిక స్థితిలో ఉండటం వల్ల, లేదా సస్పెన్షన్ వల్ల కలిగిన ఆలస్యాన్ని చెల్లుబాటయ్యే కారణంగా పరిగణించరు. ఉద్యోగం ఇంకా దొరకలేదన్నది కూడా కారణం కాదు.

ఈ తేడా తెలిసిన విద్యార్థి మొదటి సెమిస్టరు నుంచే జాగ్రత్తపడగలుగుతారు. పూర్తికాల విద్యార్థిగా నమోదు కావడం, ఆన్‌లైన్ తరగతుల పరిమితి దాటకపోవడం, చిరునామా మారిన 10 రోజుల్లోగా తెలియజేయడం, తరగతులు జరిగే కాలంలో ప్రాంగణంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకపోవడం, ప్రాంగణం బయట అనుమతి లేని పనికి వెళ్లకపోవడం స్టేటస్‌ను నిలబెట్టే కనీస నియమాలు. ఆరోగ్యం బాగాలేక తక్కువ సబ్జెక్టులు తీసుకోవలసి వస్తే, వాటిని వదులుకోకముందే డీఎస్‌ఓ అనుమతి పొందాలి. ముందే తీసుకున్న అనుమతి విద్యార్థిని కాపాడుతుంది, తరువాత చెప్పుకునే సంజాయిషీకి ఆ బలం ఉండదు.

ముగింపు తేదీ దాటిపోయి స్టేటస్ పోయినప్పుడు మిగిలే మార్గం ‘రీఇన్‌స్టేట్‌మెంట్’, అంటే స్టేటస్ పునరుద్ధరణ. ఐ-539 అనే దరఖాస్తుతో యూఎస్‌సీఐఎస్‌ను ఆశ్రయించాలి, స్టేటస్ పోయి సాధారణంగా ఐదు నెలలు మించకూడదు, అనుమతి లేని పని చేసి ఉండకూడదు, జరిగిన తప్పు తన చేతుల్లో లేని పరిస్థితుల వల్ల జరిగిందని నిరూపించాలి. ఇది అనిశ్చితమైన దారి. ఈ స్థితికి చేరినవారు కన్సల్టెన్సీల సలహాతో సరిపెట్టుకోకుండా, లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించాలి.

పంట కాలం, ఫీజు కాలం

పొడిగింపులో సత్తెనపల్లి ప్రాంత కుటుంబం నేరుగా చేయగల పని ఆర్థిక పత్రాలను సిద్ధం చేయడం. ఇక్కడ డబ్బు నెలనెలా జీతంగా రాదు. పత్తి తీత అక్టోబరు, నవంబరు నుంచి మొదలవుతుంది. మిర్చి జనవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరు యార్డుకు చేరుతుంది, ధర నచ్చకపోతే బస్తాలు కోల్డ్ స్టోరేజీలోకి వెళ్తాయి, డబ్బు మరికొన్ని నెలలు ఆగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు విత్తనాలు, నారు, ఎరువులు, పురుగుమందులు, కౌళ్లు, కూలీల రూపంలో పెట్టుబడి పొలంలోకి వెళ్లే కాలం. సరిగ్గా అప్పుడే, ఆగస్టులో, అమెరికాలో ‘ఫాల్’ సెమిస్టరు ఫీజు కట్టవలసి వస్తుంది. మే నెలలో ముగిసే ఐ-20ని పొడిగించుకునేవారికి ఆర్థిక పత్రాలు మార్చిలో కావాలి, అది మిర్చి అమ్మకాల కాలం కనుక కొంత అనుకూలం. డిసెంబరులో ముగిసే ఐ-20కి అక్టోబరులోనే డబ్బు చూపించాలి, అప్పటికి మిర్చి డబ్బు ఖర్చయిపోయి, పత్తి డబ్బు ఇంకా చేతికి రాని పరిస్థితి ఉంటుంది. కుటుంబం ఈ లెక్కను ఏడాది ముందే వేసుకుని, మిర్చి అమ్మిన డబ్బులో ఒక భాగాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పక్కన ఉంచుకుంటే అక్టోబరులో వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కే అవసరం తప్పుతుంది.

రెండో చిక్కు ఆదాయ రుజువు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్నందున చాలా రైతు కుటుంబాలకు పన్ను రిటర్నులు ఉండవు. ఉన్న ఆదాయాన్ని కాగితం మీద చూపడానికి ఒక దస్త్రాన్ని క్రమంగా పెంచుకోవాలి. పట్టాదారు పాస్ పుస్తకం, అడంగల్, 1-బి నకళ్లు, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, యార్డులో సరుకు అమ్మినప్పుడు కమీషన్ వ్యాపారి ఇచ్చే పట్టీ, ఆ పట్టీలోని మొత్తమే జమ అయినట్టు చూపే బ్యాంకు పుస్తకం అందులో ఉండాలి. క్వింటాళ్లు, ధర, కోతలు పోగా చేతికొచ్చిన మొత్తం రాసి ఉన్న ఒక పట్టీ, దాని పక్కనే అదే మొత్తం అదే వారంలో ఖాతాలో పడిన నమోదు కలిసి ఉంటే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు పూర్తి జవాబు అవుతుంది. నగదుగా తీసుకుని బీరువాలో దాచిన డబ్బు ఎంత కష్టార్జితమైనా పరిశీలించే అధికారికి కనిపించదు. దరఖాస్తుకు ముందు రోజు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో వేసిన పెద్ద మొత్తం అనుమానాన్ని మాత్రమే పెంచుతుంది.

విద్యా రుణం తీసుకున్నవారు చదువు గడువు పెరుగుతున్న విషయాన్ని బ్యాంకు శాఖకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వాయిదాలు మొదలయ్యే తేదీ కోర్సు ముగింపుతో ముడిపడి ఉంటుంది కాబట్టి కొత్త ఐ-20 ప్రతి ఇవ్వకపోతే పాత తేదీ ప్రకారమే వాయిదాలు మొదలై, కట్టనందుకు పూచీగా ఉన్న తండ్రి రుణ చరిత్ర దెబ్బతినవచ్చు.

చదువు ముగిశాక ఓపీటీ

పొడిగింపు అవసరం లేకుండా చదువు ముగించినవారు పని అనుభవం కోసం ఉండాలనుకుంటే అది వేరే ప్రక్రియ. చదివిన రంగంలోనే 12 నెలల వరకు పనిచేయడానికి ఇచ్చే అనుమతిని ఓపీటీ అంటారు. శాస్త్ర, సాంకేతిక, ఇంజినీరింగ్, గణిత రంగాల డిగ్రీలకు మరో 24 నెలలు లభిస్తాయి. దీని కోసం డీఎస్‌ఓ సిఫారసు నమోదు చేశాక, ఐ-765 దరఖాస్తు 30 రోజుల్లోగా యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. కోర్సు ముగింపుకు 90 రోజుల ముందు నుంచి, ముగిసిన 60 రోజుల వరకు ఈ అవకాశం ఉంటుంది. ముగింపు తేదీ మే 15 అయితే ఫిబ్రవరి 14 నుంచి జూలై 14 వరకు అన్నమాట. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా గడిపిన రోజులు మొత్తం 90 మించితే స్టేటస్ పోతుంది. అందువల్ల ఉద్యోగం దొరికిన తేదీ, మానేసిన తేదీ నమోదు చేసి, నియామక పత్రాలు, జీతపు చీటీలు దాచుకోవాలి.

ఇతర దేశాల్లో

బ్రిటన్‌లో ఉన్న వీసా ముగియకముందే, విశ్వవిద్యాలయం ఇచ్చే ‘క్యాస్’ అనే ప్రవేశ ధ్రువీకరణతో కొత్త విద్యార్థి వీసాకు దరఖాస్తు చేయాలి. సకాలంలో పెట్టిన దరఖాస్తు మీద నిర్ణయం వచ్చేవరకు పాత హక్కులే కొనసాగుతాయి, అయితే ఈలోగా దేశం దాటితే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్టే లెక్క. చెల్లుబాటయ్యే వీసాతో 12 నెలలుగా అక్కడ ఉన్నవారు మళ్లీ నిధులు చూపనక్కర్లేదు. మిగిలినవారు నిర్ణీత మొత్తాన్ని ఖాతాలో వరుసగా 28 రోజులు తగ్గకుండా ఉంచాలి, ఒక్కరోజు తగ్గినా ఆ రుజువు చెల్లదు.

ఆస్ట్రేలియాలో పొడిగింపు పేరుతో ప్రత్యేక ప్రక్రియ లేదు, సబ్‌క్లాస్ 500 వీసాకు మళ్లీ కొత్తగా దరఖాస్తు చేయాలి. దాని రుసుము 2025 జూలై నుంచి 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. నిర్ణయం వచ్చేలోగా ‘బ్రిడ్జింగ్ వీసా ఏ’ మీద ఉండవచ్చు గానీ, దానితో దేశం బయటకు వెళ్లి తిరిగి రావడం కుదరదు, అందుకు ‘బ్రిడ్జింగ్ వీసా బీ’ ముందే తీసుకోవాలి. కెనడాలో ‘స్టడీ పర్మిట్’ ముగియడానికి కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు చేయడం మంచిది. గడువు దాటినవారికి 90 రోజుల్లోగా పునరుద్ధరణ కోరే అవకాశం ఉంటుంది గానీ, అది మంజూరయ్యేవరకు చదువు కొనసాగించకూడదు. జర్మనీలో నివాస అనుమతిని స్థానిక విదేశీయుల కార్యాలయం పొడిగిస్తుంది. అపాయింట్‌మెంటు దొరకడానికి నెలలు పట్టే నగరాలున్నాయి కనుక గడువుకు చాలా ముందే సమయం అడగాలి.

ఏ దేశంలోనైనా పాస్‌పోర్టు గడువు ముందుగా చూసుకోవాలి. భారతీయ పాస్‌పోర్టును విదేశంలోనే భారత రాయబార కార్యాలయం ద్వారా పునరుద్ధరించుకోవచ్చు. ఆ పని వీసా పని కంటే ముందు పూర్తి కావాలి.

దగ్గరి దారులు చూపే నష్టం

గడువు దగ్గరపడిన విద్యార్థికి తరగతులకు వెళ్లనవసరం లేకుండా ఐ-20 ఇప్పిస్తామని, చేరిన రోజు నుంచే పని అనుమతి వస్తుందని చెప్పే మనుషులు ఎదురవుతారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ఉన్న ట్రైవ్యాలీ యూనివర్సిటీని అధికారులు మూయించినప్పుడు సుమారు 1,500 మంది విద్యార్థుల భవిష్యత్తు ఒక్కసారిగా ప్రశ్నార్థకమైంది. వారిలో ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు ఎక్కువ. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. దాని వ్యవస్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో మిచిగన్‌లోని ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ అసలు అధ్యాపకులు, తరగతులు లేకుండా అమెరికా వలస అధికారులే నడిపిన బూటకపు సంస్థ అని బయటపడింది. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై కేసులు పెట్టారు, వందమందికి పైగా విద్యార్థులను నిర్బంధించారు. వారిలో అత్యధికులు భారతీయులు, అందులోనూ తెలుగువారు చాలామంది. తెలుగు సంఘాలు న్యాయసహాయం అందించడానికి ముందుకు వచ్చినా పోయిన స్టేటస్ అందరికీ తిరిగి రాలేదు. ఈ రెండు ఘటనలు చెప్పే పాఠం ఒక్కటే: చదువు లేని చోట విద్యార్థి వీసా నిలవదు.

2025 వసంతంలో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు రద్దయ్యాయి. ట్రాఫిక్ ఉల్లంఘన వంటి చిన్న కేసులున్నవారు, కొట్టివేసిన కేసులున్నవారు కూడా వారిలో ఉన్నారు. కోర్టులను ఆశ్రయించిన తరువాత ఏప్రిల్ చివరలో ఆ రికార్డులను పునరుద్ధరించారు. పోలీసులతో ఏ చిన్న వ్యవహారం జరిగినా దాని తుది ఉత్తర్వుల నకలు సంపాదించి భద్రపరచుకోవడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

దాచకుండా చెప్పడం

పొడిగింపు విఫలమైన సందర్భాలను పరిశీలిస్తే నియమాలు తెలియకపోవడం కంటే, తెలిసిన కష్టాన్ని దాచిపెట్టడం ఎక్కువ నష్టం చేస్తుందని అర్థమవుతుంది. ఒక సబ్జెక్టు పోయిందనో, మనసు బాగాలేక తరగతులకు వెళ్లలేకపోతున్నాననో ఇంట్లో చెబితే, పొలం తాకట్టు పెట్టి పంపిన నాన్న ఏమనుకుంటారో, ఊళ్లో నలుగురు ఏమంటారో అన్న భయంతో విద్యార్థి మౌనంగా ఉంటారు. ఆ మౌనం నెలలు సాగి, డీఎస్‌ఓకు కూడా చెప్పకుండా ముగింపు తేదీ దాటుతుంది. అదే విద్యార్థి అక్టోబరులో చెప్పి ఉంటే వైద్య కారణంతో సబ్జెక్టులు తగ్గించుకోవడమో, అనుమతితో ఒక సెమిస్టరు విరామం తీసుకుని తిరిగి రావడమో సాధ్యమయ్యేది. డిసెంబరు దాటాక ఆ దారులన్నీ మూసుకుంటాయి.

కాబట్టి ఇంటి నుంచి ఫోను చేసే తల్లిదండ్రులు ఉద్యోగం వచ్చిందా అని అడిగే ముందు ఐ-20 ముగింపు తేదీ ఎప్పుడని, డీఎస్‌ఓను చివరిసారి ఎప్పుడు కలిశావని, ఏ కాగితం పంపాలని అడగాలి. సమస్య ఉన్నదని బిడ్డ చెప్పినప్పుడు మందలించే మాట మింగి, ధైర్యం చెప్పే మాట ముందు చెప్పాలి. సహాయం అవసరమైతే తాడేపల్లిలోని ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీని, భారత విదేశాంగ శాఖ ఫిర్యాదుల కోసం నడిపే ‘మదద్’ పోర్టల్‌ను, ఆ ప్రాంతపు భారత కాన్సులేట్‌ను సంప్రదించవచ్చు. విద్యార్థులు తమ వంతుగా ఈ అధ్యాయం చదవడం ముగించిన రోజే ఐ-20 మొదటి పేజీలోని ముగింపు తేదీని, పాస్‌పోర్టు గడువును, వీసా స్టాంపు తేదీని ఒకే కాగితం మీద రాసి, దాని ప్రతిని ఇంటికి పంపాలి. ఆ మూడు తేదీలు ఇంట్లో అందరికీ తెలిసి ఉన్న కుటుంబానికి పొడిగింపు ఆపదగా మారదు.